తగ్గుతోందని ఆపిన మందు

రాయపూర్,
వైద్య సహాయ మంజూరు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య దాలమ్మకు చర్మపు లింఫోమా మందు తిరిగి మంజూరు చేయుట గురించి.

ధర్సీవా రోలింగ్ మిల్లులో పనిచేయు బొడ్డేపల్లి అచ్చయ్య మనవి. తమరు తెలుగువారని తెలిసి, హిందీ అర్జీకి ఇది జతచేయుచున్నాను. హిందీలో జబ్బు పేరు రాయగలను గాని బాధ రాయలేను.

1. నా భార్య పండరీ బజారులో ఒక బట్టల దుకాణంలో చీరలు చూపించేది. నిరుడు ఒళ్లంతా ఎర్రబడి పొట్టు రాలడం మొదలైంది. గజ్జి అనుకుని పూతమందులు వాడాము. కొనేవాళ్లు ఆమె తాకిన చీరను పక్కకు నెట్టేవారు. "బహన్, ఠీక్ హోకే ఆనా" అని, నయమయ్యాకే రమ్మని సేఠ్ పంపేశాడు. చివరకు చర్మం ముక్క తీసి పరీక్షిస్తే, అరుదుగా వచ్చే, వేగంగా పాకే క్యాన్సర్ అని తేలింది.

2. మామూలు కీమో పనిచేయలేదు. ఒంటి మీద నూలు చీర కూడా ఓర్చుకోలేక తలుపు మూసుకుని కూర్చునేది. అప్పుడు తమ కార్యాలయము మంజూరు చేసిన కొత్త మందు ఎక్కించారు. అది క్యాన్సర్ కణాల మీది గుర్తును పట్టి వాటినే చంపుతుందట. రెండో విడత అయ్యాక ఒకనాడు, "ఏటయ్యా, ఈయాల పొద్దంతా నాను గోక్కోనేదు!" అని తనే ఆశ్చర్యపోయి నవ్వింది. ఆ నవ్వుకు తమ కార్యాలయమునకు కృతజ్ఞుడను.

3. అయితే మూడో విడత దరఖాస్తు తిరిగి వచ్చినది. కారణము: "రోగి పరిస్థితి మెరుగు. అత్యవసరము లేదు." మెరుగైనది ఆ మందు వల్లనేనని, మధ్యలో ఆపితే తిరగబెట్టవచ్చునని డాక్టరమ్మ రాసి ఇచ్చారు. తమ కార్యాలయపు కిటికీలోని గుమస్తా బాబు అది చదవలేదు. దాలమ్మను ఎగాదిగా చూసి, "యే తో అచ్ఛీ భలీ హై", శుభ్రంగానే ఉందిగా, అన్నాడు. బయటికి వచ్చాక ఆమె నన్ను అడిగింది: "బాగున్నానని మందాపేత్తే, నాను మల్లీ పాడైపోతే గానీ ఇయ్యరేటి?"

దీనికి జవాబు తమ వద్ద ఉన్నచో దయచేసి తెలుపగలరు.

కావున, ఆమె బాగుండుటను నేరముగా ఎంచక, మిగిలిన విడతలు ఆగకుండా ఉత్తర్వు ఇప్పించవలెను. ఈ మనవిని ఎవరికో పంపక తమరే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అచ్చయ్య

మరొక మాట: సంతకం పెట్టాక ఇది రాస్తున్నాను. ఈ ఉదయం దాలమ్మ వీపుకు కొబ్బరినూనె రాస్తుంటే, మెడ కింద ఎర్రటి మచ్చ కనిపించింది. తనకు కనపడని చోటు. నేను చెప్పలేదు. అయ్యా, ఇక మంజూరవుతుందని ఒక్క క్షణం సంతోషించాను. నా భార్య ఒంటి మీద మచ్చ చూసి సంతోషించాను.