మూడు చిల్లుల వెనుక జాలీ

నిన్న సాయంత్రం ఆరు గంటలకు డాక్టరు వచ్చి, హెర్నియాకు నా గజ్జలో వేసిన వల లాంటి జాలీకి చీము పట్టిందని, ఈసారి పొట్ట కోసి దాన్ని తీయాలని, గుండె బలహీనంగా ఉన్నందున బతుకుతానని మాట ఇవ్వలేనని చెప్పారు. అందువల్ల చిన్నకోడూరు కల్లుగీత కార్మికుడినైన నేను, సిద్ధయ్య గౌడ్, సిద్దిపేట దవాఖాన మంచం మీద నుంచి ఈ వీలునామా రాయిస్తున్నాను. జ్వరం ఉంది, మతి చెడలేదు. ఈ మాటలు ఎవరూ నాతో చెప్పించడం లేదు.

1. ఇల్లు సర్వహక్కులతో నా భార్య సిద్ధమ్మకు. టార్చిలైటు కూడా ఆమెకే. పొద్దుగూకాక నేను తాటిచెట్టు దిగేదాకా కింద నిలబడి వెలుగు చూపేది. ఇక ఎవరి కోసమూ నిలబడవద్దని కోరుతున్నాను. నిలబడుతుందని తెలుసు.

2. తమ్ముడు రాజమల్లయ్యకు నా ఆస్తిలో భాగం లేదు. మొదటి ఆపరేషన్ కెమెరాతో చేశారు. బయటికి కనిపించేవి మూడు చిల్లులే. జాలీని లోపల, కండరం వెనుక పరిచారు. అందులోకి కండ పెరిగేదాకా చెట్టు ఎక్కవద్దన్నారు. రోజూ గీయకపోతే కల్లు ఆగిపోతుంది కాబట్టి, మాలో మంచాన పడ్డవాడి చెట్లు అన్నదమ్ములు గీస్తారు. రాజమల్లయ్య కొన్నాళ్లు గీశాడు. తర్వాత నా కట్టు విప్పి చూసి, "మూడు చిల్లులకు గిన్ని దినాలు పంటవానె అన్నా? ఈత ముల్లు గుచ్చుకున్నా గింతకంటె పెద్దగైతది" అన్నాడు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. మర్నాడు నడుముకు ముత్తాదు కట్టి, చెట్టు చుట్టూ మోకు వేశాను. సగం ఎక్కేసరికి జాలీ జరిగింది, పేగు ఇరుక్కుంది, దించి ఈ దవాఖానకు తెచ్చారు. ఆపరేషన్ వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ రాజమల్లయ్యకు ఇస్తున్నాను. చివరిదాకా చూడాలి.

3. కొండపాక దారిలోని చెలక భూమి కొడుకు శైలేందర్‌కు, షరతు మీద. ఇప్పుడు నా చెట్లు వాడే గీస్తున్నాడు. మొన్న దగ్గినప్పుడు చెయ్యి గజ్జ మీద అదిమిపెట్టుకున్నాడు. అడిగితే, "గాలి పట్టింది బాపూ, పంటే పోతది" అన్నాడు. నా గజ్జ మొదట ఉబ్బినప్పుడు సిద్ధమ్మకు నేను చెప్పిన మాటా అదే. వాడు ఆపరేషన్ చేయించుకుని, జాలీలోకి కండ పెరిగిందని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపాలి. అప్పటిదాకా చెలక తల్లిది.

4. నా మోకు, ముత్తాదు ఎవరికీ చెందవు. కోసి పొయ్యిలో పెట్టాలి. ప్రస్తుతం అవి శైలేందర్ నడుముకే ఉన్నాయి.

5. ఇది అమలు చేసే బాధ్యత నా చెల్లెలు రోజారాణిది. ఆమె మాట శైలేందర్ ఒక్కోసారి వింటాడు.

రేపు ఉదయం ఏడు గంటలకు నన్ను ఆపరేషన్‌కు తీసుకెళ్తారు. ఆ వేళకు శైలేందర్ చెట్టు మీద ఉంటాడు. గీత అయ్యాక వస్తానన్నాడు.

సిద్దిపేట, 18 ఏప్రిల్ 2025
(సంతకం) సిద్ధయ్య గౌడ్
సాక్షులు: మల్లేశ్ (పక్క మంచం రోగి కొడుకు), యోహాను (వార్డు కాంపౌండర్)