దిమ్మెలు నిలబడిన చోట

ప్రియమైన నాన్నకు,

ఇక్కడ నాకు ఊపిరాడడం లేదు. నేను ఇంజన్ విప్పి బిగించినప్పటి నుంచీ ఓడ వేగం పద్నాలుగు నాట్ల నుంచి పదమూడుకు దిగింది. నూనె మాత్రం ఎక్కువ తాగుతోంది. తప్పు నాదేనంటున్నాడు కెప్టెన్. మళ్లీ రెండుసార్లు విప్పాను, ఏమీ దొరకలేదు. ఇప్పుడు బోల్టు బిగించాలన్నా చేతులు వణుకుతున్నాయి. వచ్చే రేవులో నన్ను దింపేస్తారట. ఓడ అడుగున సముద్రపు గుల్లలు పట్టాయేమో చూద్దామన్నాడు చీఫ్ ఇంజనీరు. "అక్కర్లేదండీ, రెండేళ్ల కిందట దానికి గుల్ల పట్టని రంగు వేయించింది మా నాన్నే" అని నేనే వద్దన్నాను.

నీ ఇంజనీరు కూతురు

బంగారు తల్లికి,

ముందు ఆ ఇంజన్ని వదిలెయ్. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ పని. వెచ్చటి నీళ్లలో లంగరేసి ఎన్నాళ్లున్నారు? నెల దాటితే చాలు, గుల్ల కాపురం పెట్టేస్తుంది. అడుగు గరుకెక్కితే నీళ్లు ఓడను పట్టి వెనక్కి లాగుతాయి, ఇంజన్ ఎంత మొత్తుకున్నా నూనె దండగ. డైవర్ని దింపండి. పక్కలు చూసి బాగుందనేస్తాడు, ఒప్పుకోకు. అడుగున నట్టనడుమ, బల్లపరుపుగా ఉండే చోట చేత్తో తడిమి చూడమను. నా పని కదా అని మొహమాటపడకు.

నాన్న

ప్రియాతిప్రియమైన నాన్నకు,

హమ్మయ్య, బతికిపోయాను! నలభై రోజులున్నాం లంగరేసి, నేను ఇంజన్ విప్పిందీ అప్పుడే. డైవర్ నువ్వన్నట్టే పక్కలు చూసి "శుభ్రంగా ఉంది" అంటూ పైకొచ్చాడు. మళ్లీ దింపాను. నట్టనడుమ వరసగా, మంచమంతేసి చదరాలు, పిడికిలి మందాన గుల్లలు! అక్కణ్ణుంచి చుట్టూ పాకాయి. గీకించేశాం. నిన్న పద్నాలుగు నాట్లు, నూనె ఎప్పటంతే. కెప్టెన్ ఇంజన్ గదిలోకి దిగొచ్చి అందరి ముందూ "పొరపడ్డానమ్మా" అన్నాడు. పంపు వెనక్కెళ్లి ఏడ్చేశాను. "ఎక్కడ వెతకాలో మీ నాన్నకెలా తెలిసింది?" అనడిగాడు. "ముప్పై ఏళ్ల రంగుల మేస్త్రీకి ఆ మాత్రం తెలియదా?" అన్నాను.

ఉద్యోగం నిలిచిన నీ కూతురు

బంగారు తల్లికి,

అది ముప్పై ఏళ్ల అనుభవం కాదమ్మా. రంగు వేయడానికి నీళ్లు తోడేసిన డాక్‌లో ఓడ చెక్క దిమ్మెల మీద కూర్చుంటుంది. దిమ్మె ఆనిన చోట రంగు అంటదు. అంతా అయ్యాక దిమ్మెలు జరిపి అక్కడా వేయాలి, ఒక్క రోజు పని. మీ ఓడకు తొందరపెట్టారు. జరపకుండానే అంతా వేశామని సంతకం పెట్టింది నేనే.

నువ్వా ఓడెక్కిన రోజే చెప్పాల్సింది, నోరు రాలేదు. నీ చేతులు వణుకుతున్నాయని రాశావు చూడు, వణకాల్సినవి నావి. ఉన్నదున్నట్టు మీ కంపెనీకీ, కెప్టెన్‌కీ రాసి ఇవాళే పోస్టు చేశాను. ఇక మీదట నాన్న పనైనా సరే, చూశాకే మాటివ్వు.

ఈ ఉత్తరం ముందు మీ అమ్మకు చదివి వినిపించాను. "రెండేళ్లుగా ముద్ద మింగుడుపడనిది ఇందుకా?" అంది. కంచంలో మారు వడ్డించింది. అంతా తిన్నాను.

మీ నాన్న