పాల చెట్టు చిగురు

పంగుని నెల, శుక్రవారం

మన పాల చెట్టు బతికింది. ఆండిపట్టి గుట్ట మీద మిగిలిన ఒక్కగానొక్క చెట్టు, ఎండి మోడైపోయిందని నేను ఆశ వదిలేసుకున్న చెట్టు, ఈరోజు చిగురు పెట్టింది. ముందు చూసింది నా బిడ్డ సెల్వి. ఆ లేత ఆకును తాకి నేను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.

మన కులం పెండ్లిళ్లలో పెండ్లికూతురు కూర్చునే గుడిసెను పాల కొమ్మలతోనే కడతాం. పెండ్లి పెండ్లికీ నరికి, గుట్టంతా బోడి చేసుకున్నది మనవాళ్లే. ఇంక రెండు నెలల్లో, వైకాసిలో సెల్వి పెండ్లి. సాయంత్రమే మా అన్న ఫోన్ చేశాడు.

"చిగురు పెట్టిందంట కదరా తమ్ముడూ, ఇంక కొమ్మలకు వెతకాల్సిన పని లేదు."

దిగులుగా ఆ మాట సెల్వికి చెప్పాను. సెల్వి మాత్రం నవ్వింది.

"నాకు కానుగ కొమ్మలు చాలు నాయనా. పాల గుడిసే కావాలంటే పెదనాయననే అందులో కూర్చోమను."

కులపెద్దలు ఒప్పుకుంటారో లేదో. ఒప్పుకోకపోయినా నేను బిడ్డ పక్కనే నిలబడతాను.

తెల్లారగానే ఈ కానుగ గుడిసె సంగతి చెప్పాల్సినవాళ్లు: తిరుప్పూరు తమ్ముడు, మదురై అక్క, ఆర్.ఎస్. పురం బావ. అందరికంటే ముందు అన్నకు చెప్పాలి, పెండ్లికి వచ్చేటప్పుడు కొడవలి ఇంట్లోనే పెట్టి రమ్మని.