ఇంజినీరునని చెప్పిన ఆదివారం

శ్రీపెరుంబుదూరు

ప్రియమైన నాన్నగారికి,

ప్రభువు కృప వల్ల నేను క్షేమం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఉప్పలగుప్తంలో వానలు తగ్గాయా? చెల్లి సునీతని ఐటీఐలో వెల్డింగుకి చేర్చే సంగతి నన్ను అడిగాకే తేలుస్తానన్నారు కదా, ఈ ఉత్తరం దాని గురించే. ఫోనులో అయితే మీరు స్పీకరు పెడతారు, నేను గొంతు పెంచుతాను.

ఇక్కడి షెడ్డు రేకుల కింద ఎండ మన ఎండలా ఉండదు. సాంబారుకి అలవాటుపడ్డాను గానీ పనసపొట్టు కూర కలలోకి వస్తోంది. గదిలో తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు. చేతి తొడుగులు చిరిగాయని మొదటి వారమే సూపర్‌వైజరుతో గొడవపడ్డాను. కొత్తవి ఇచ్చారు, కంగారుపడకండి. నేను వేసిన అతుకులు పరీక్షలో నిలుస్తున్నాయి. పైపు వెల్డింగు సర్టిఫికెట్టుకి కంపెనీయే పంపుతుందట. అది ఉంటే ఓడలు కట్టే చోట కూడా పని దొరుకుతుంది. నిజంగా బాగానే ఉన్నాను.

ఇక చెప్పడానికి సిగ్గుపడే సంగతి.

ఇక్కడి తెలుగు చర్చిలో కొత్తవాళ్ళు మొదటి జీతం కానుక వేసేటప్పుడు లేచి ఊరూ పనీ చెప్పాలి. పోయిన ఆదివారం నా వంతు. మీతో టీచరు ట్రెయినింగు చదివిన ఆలమూరు రాజారావు గారు కొడుకింటికి వచ్చారట, ముందు వరసలో కూర్చుని ఉన్నారు. మన ఊరి పేరు వినగానే, "మేస్టారి అబ్బాయివా! ఏం చేస్తున్నావు బాబూ?" అన్నారు.

"ఇంజినీరునండీ" అన్నాను.

ఆయన ఇస్త్రీ చొక్కా చూడగానే మీరు గుర్తొచ్చారు. అలాగని నెపం మీ మీద పెట్టను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, మన ఇంజినీరు కోసం అని ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు.

తర్వాత కరుణ లేచింది. పార్వతీపురం అమ్మాయి, నా పక్కనే వెల్డింగు చేస్తుంది. తనకీ మొదటి జీతమే, పని పేరు చెప్పే వంతు ఇంకా రాలేదు గానీ, తను చేసే పనే చేసే అన్నయ్యని తీసుకొస్తున్నానని అందరికీ ముందే చెప్పి ఉంది. ఇప్పుడు తను వెల్డరునంటే నా అబద్ధం బయటపడుతుంది. ఒక్కసారి నా వైపు చూసి, ఆఫీసులో ఏదో చిన్న పనండీ అని కూర్చుంది.

తిరిగొచ్చే బస్సులో కిటికీ వైపు చూస్తూ అంది: "కేంటీన్లో శ్రమ గౌరవం మీద కరపత్రాలు చదివి వినిపిస్తావు గదా అన్నయ్యా. ఊరంతా నవ్వినా నా పని పేరు నేను దాచలేదు. నీ కోసం దాచేను, అదీ చర్చిలో."



"మీ తాత చేతుల కాయలు నీకు రాకూడదనే నేను చదివేనురా" అని మీరన్న రోజు, ఆ కరపత్రాలే మీ ముందు విసిరి నానా మాటలూ అన్నాను. ఇప్పుడు తలెత్తలేకపోతున్నాను. అయినా అడుగుతున్నాను, నన్ను చూసి సునీతని ఆపకండి. తప్పు నా నోటిది, పనిది కాదు.

రాజారావు గారు ఈ వారం మనింటికి వస్తారు. మీ ఇంజినీరు బాగున్నాడండీ అంటారు. నా పరువు కోసం మీరేమీ కప్పిపుచ్చకండి. మా అన్నయ్య వెల్డరండీ అని సునీతనే చెప్పనివ్వండి. ఇక్కడ నేను మళ్ళీ లేచి చెబుతానని పాస్టరుగారిని అడిగాను, సరేనన్నారు. రాజారావు గారు మళ్ళీ ఇక్కడ కొడుకింటికి వచ్చేటప్పుడు కాసిని పూతరేకులు పంపండి, కరుణకి ఇవ్వాలి.

అమ్మకీ నాయనమ్మకీ నా వందనాలు. సాయంత్రం ప్రార్థనలో నన్ను తలుచుకునేటప్పుడు, నా పేరుతో పాటు నా పని పేరు కూడా చెప్పండి నాన్నగారూ.

మీ కుమారుడు,
ప్రసాద్, వెల్డరు