మొదటి బస్తా

ఫిబ్రవరి 6

ఇవాళ ఫ్యాక్టరీలో గుర్రాల బ్యాచ్ పరీక్షించి, సంతకం పెట్టి రిలీజ్ చేశాను. దాణాలో కలిపే మినరల్ పొడి. దీనికి ముందు ఇదే కలిపే యంత్రంలో, అంటే బ్లెండర్‌లో, మొనెన్సిన్ కలిపారు. అది కోళ్ళ మందు. కోళ్ళకి రక్తవిరేచనాలు రాకుండా కాపాడుతుంది. గుర్రానికి మాత్రం విషం, చిటికెడు పడినా గుండె కండరం పాడవుతుంది. అందుకే రెండింటి మధ్య బ్లెండర్‌ని కడుగుతారు. కడిగాక లోపలి గోడని తడి దూదిపుల్లతో తుడిచి, అందులో మందు మిగిలిందేమో మెషీన్‌లో చూడటం నా పని. ఆ పుల్లనే స్వాబ్ అంటాం.

సున్నా వచ్చింది. ఎప్పుడూ సున్నానే వస్తుంది. స్కూల్లో సున్నా తెస్తే నాన్న వీపు విమానం మోత మోగించేవాడు. ఇక్కడ తెస్తే జీతం ఇస్తున్నారు.

మా దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ మొదటి బస్తా అమ్మరు. తూకం మెషీన్ సర్దుకోవడానికి నింపుతారు కాబట్టి బరువు సరిగా రాదు. స్టాఫ్‌లో ఎవరైనా అడిగితే ఇచ్చేస్తారు. ఈసారి మా గుర్రం కోసం నేను అడిగాను.

ఫిబ్రవరి 7

నాన్న బస్తా విప్పి గుప్పెడు తీసి వాసన చూశాడు. బియ్యం కొనేటప్పుడు కూడా ఇంత పరీక్ష పెట్టడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి దొరసానితో మా అమ్మాయి చేసిందే, మారాం చెయ్యకుండా తిను అంటున్నాడు.

నాన్న ఒకప్పుడు గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక మానేశాడు. ఎవరో వదిలించుకున్న ముసలి ఆడగుర్రాన్ని తెచ్చి ఇంటి వెనక పెట్టుకున్నాడు. పిలిస్తే రాదు, బుద్ధి పుడితే వస్తుంది. అందుకే దొరసాని. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది. నీ ఒంటి మీద ఆ మందుల కంపు దానికి పడదులే, నాకే పడదు, అంటాడు నాన్న.

ఫిబ్రవరి 9

దొరసాని దాణా సగం వదిలేసింది. అలిగిందంటాడు నాన్న. నిన్న ఆయన ఇంట్లో లేడట, ఏదో పని మీద బయటికి వెళ్ళాడట, అందుకని.

ఫిబ్రవరి 10, ఉదయం 7

అలక కాదు. ఒళ్ళంతా చెమట. వెనక కాళ్ళు తూలుతున్నాయి. పశువుల డాక్టర్‌కి ఫోన్ చేశాను.

ఫిబ్రవరి 10, ఉదయం 10

డాక్టర్ స్టెతస్కోప్ గుండె దగ్గర పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఈ మధ్య కొత్తగా ఏం పెట్టారని అడిగాడు. నాన్న గర్వంగానే బస్తా చూపించాడు. మా అమ్మాయి ఫ్యాక్టరీది సార్, ఇంతకంటే మంచిది దొరకదు, అన్నాడు.

డాక్టర్ నన్ను అడిగాడు, ఆ ఫ్యాక్టరీలో ఇంకేం తయారు చేస్తారమ్మా అని. చెప్పాను. మొనెన్సిన్ పేరు వినగానే ఆయన స్టెతస్కోప్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అదే అయితే విరుగుడు లేదు, ఆ పొడి మాత్రం ఇంక ముట్టనివ్వకండి, అని చెప్పి సెలైన్ ఎక్కించాడు.

కాదని నిరూపించడానికి గుప్పెడు పొడి కవర్లో వేసుకుని ఫ్యాక్టరీకి బయల్దేరుతున్నాను. సున్నా నేనే చూశాను. నా కళ్ళతో చూశాను.

ఫిబ్రవరి 10, సాయంత్రం

ఉంది.

మెషీన్ తప్పేమోనని మళ్ళీ పెట్టాను. ఉంది. బోలెడు ఉంది.

బ్లెండర్ దగ్గరికి పరుగెత్తాను. క్లీనర్ ఇంకో బ్యాచ్ తర్వాత దాన్ని కడుగుతున్నాడు. ఫ్యాక్టరీలో అందరం ఆయన్ని బాబాయ్ అంటాం. తల లోపలికి పెట్టి, తలుపు పక్కన గోడని అరచేతి మేర తోమిందే తోముతున్నాడు. అక్కడ స్టీలు అద్దంలా ఉంది, నా మొహం కనిపిస్తోంది. అక్కడే ఎందుకు బాబాయ్ అంత తోముతావని అడిగాను. నవ్వాడు. నువ్వు పుల్ల పెట్టి చూసేది అక్కడే కదమ్మా, నీకు మాట రాకూడదని, అన్నాడు.

నేను ఎప్పుడూ అక్కడే తుడుస్తాను. చెయ్యి అందేది అక్కడ. మొదటిసారి అక్కడ తీశాను, రూలు పుస్తకంలో అదే రాశాను, తర్వాత అదే అలవాటైపోయింది.

నేల మీద వెల్లకిలా పడుకుని అడుగున ఉన్న వాల్వ్ చూశాను. పొడి అందులోంచే బస్తాలోకి జారుతుంది. దాని చుట్టూ రబ్బరు రింగు. రింగు వెనక వేలు పెడితే గోటి నిండా గోధుమరంగు పొడి వచ్చింది. అందులోది ముందుగా రాలేది మొదటి బస్తాలోకే.

బాబాయ్ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఆయన నా కోసం తోమాడు.

ఫిబ్రవరి 11, ఉదయం

దొరసాని పోయింది. తల నాన్న ఒళ్ళో ఉంది.

ఫిబ్రవరి 11

నాన్నకి చెప్పాను. పక్కన కూర్చుని అంతా చెప్పాను. తుడిచింది ఎక్కడో, తుడవనిది ఎక్కడో. నాన్న వింటూనే దొరసాని జూలు సర్దుతున్నాడు. ఉన్నట్టుండి ఆయన చెయ్యి ఆగిపోయింది. లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

సగం బస్తా గుర్రపుస్వారీ నేర్పే రైడింగ్ స్కూల్లో ఇచ్చాడట. ఎనిమిదో తారీఖున బయటికి వెళ్ళిన పని అదేనట. నువ్వు చేసిందని చెప్పి ఇచ్చానే, అన్నాడు.

నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. అక్కడ ఇచ్చింది నేను, నేను పోయి చెప్పుకుంటాను, ఊరంతటికీ ఇచ్చింది నువ్వు, నువ్వు పోయి చెప్పు, అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. చెప్పులు తారుమారుగా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం

మేనేజర్ నన్ను ముందు కూర్చోమన్నాడు. ముసలి గుర్రం కదా, వయసైపోయి పోయిందేమో అన్నాడు. నేను రిజల్ట్ చూపించాను. అయినా మొదటి బస్తా మనం అమ్మేది కాదు కదా అన్నాడు. మధ్య బస్తాల శాంపిల్ కూడా పెట్టి చూశాను, అందులోనూ ఉందని చెప్పాను. తక్కువే కదా అన్నాడు. రోజూ తినే గుర్రానికి ఎంత తక్కువ సార్ అని అడిగాను.

రీకాల్ అని అమ్మిన సరుకంతా వెనక్కి తెప్పిస్తే కంపెనీ మూత పడుతుంది, నీతో సహా అందరం రోడ్డున పడతాం, రెండు రోజులు ఆగి చూద్దాం, అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు. మాట్లాడుతుంటే పెదాలు తడారిపోతున్నాయి. రిలీజ్ మీద సంతకం నాది సార్, డీలర్లకి మీరు ఫోన్ చెయ్యకపోతే నేను చేస్తాను అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చాలాసేపు టేబుల్ మీద అద్దం తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తనే దగ్గరికి లాక్కున్నాడు. చివరి డీలర్‌తో మాట్లాడేదాకా అక్కడే నిలబడ్డాను.

ఫిబ్రవరి 12

రైడింగ్ స్కూల్లో ఒక మగ గుర్రప్పిల్ల ఆ పొడి తిన్నది. దానికి ఇంకా మూడేళ్ళు నిండలేదు. మిగతావాటికి పెట్టకముందే నాన్న వెళ్ళాడు. స్కూలు నడిపే మేడమ్ నాన్నని ఒక్క మాట అనలేదట. అంటే బాగుండేది అన్నాడు. నాతో కాదు, పక్కింటాయనతో.

ఫిబ్రవరి 15

బస్తాలు వెనక్కి వస్తున్నాయి. కొన్నింటికి కుట్లు విప్పి ఉన్నాయి. విప్పిన ప్రతిదానికీ నేనే ఫోన్ చేసి, ఎవరికి పెట్టారు, ఎలా ఉందని అడుగుతున్నాను. ఇప్పటిదాకా ఇంకేదీ పోలేదు.

ఫిబ్రవరి 21

నాన్న నాతో అవసరమైనవి మాట్లాడుతున్నాడు. ఉప్పు, తాళం, గ్యాస్. నన్ను నాలుగు తిడితే ఇద్దరం ఏడ్చి ఊరుకుందుం. తిట్టడు. రోజూ పొద్దున్నే ఖాళీ షెడ్డు ఊడ్చి వస్తాడు.

మార్చి 3

బ్లెండర్ విప్పించాను. పాత రింగులన్నీ మార్పించాను. ఇక నుంచి స్వాబ్ ఎక్కడ తీస్తానో ముందు ఎవరికీ చెప్పను. బాబాయ్ నా దగ్గరికి వచ్చి, నా వల్లే కదమ్మా అన్నాడు. కాదన్నాను. మనిద్దరం కలిసి అదే అరచేతి మేర చూసుకున్నాం, నువ్వు తోమావు, నేను తుడిచాను, అన్నాను.

మార్చి 19

స్కూలు గుర్రం బతికింది. కానీ గుండె దెబ్బతిందట. దాని మీద ఇక ఎవరూ ఎక్కకూడదని, పరుగెత్తనివ్వకూడదని డాక్టర్ చెప్పాడు. స్కూల్లో దానికి పని లేదు. నాన్న వెళ్ళి నాకివ్వండని అడిగాడట. మేడమ్ సరేనందట. నాకు ఈ సంగతి పక్కింటాయన చెప్పాడు.

మార్చి 22

నాన్న దొరసాని తొట్టిని మరిగే నీళ్ళతో కడుగుతున్నాడు. నిన్నా కడిగాడు, మొన్నా కడిగాడు. చేతులు బొబ్బలెక్కాయి. మందు రాస్తానంటే చెయ్యి ఇచ్చాడు. అంతే. కానీ ఇచ్చాడు.

మార్చి 24, ఉదయం

డ్యూటీకి బయల్దేరుతుంటే నాన్న అడ్డొచ్చాడు. చేతిలో చిన్న కవరు, అందులో దూదిపుల్ల. తొట్టిలో తుడిచాడట. నడిమధ్యలో కాదమ్మా, అడుగున చెక్క పగులుంది, అందులో పెట్టి తీశాను, అన్నాడు. గుర్రం సాయంత్రం వస్తుందట. నువ్వు చూసి చెబితేనే దాన్ని షెడ్డులో కడతాను అన్నాడు.

నన్ను అమ్మా అన్నాడు. ఇన్నాళ్ళకి.

మార్చి 24, సాయంత్రం

సున్నా. మళ్ళీ చేశాను. సున్నా.

గుర్రం వాకిట్లో నిలబడి ఉంది. దాని తాడు పట్టుకుని నాన్న నా మొహంలోకి చూస్తున్నాడు. పుల్ల ఇంకొకటి కావాలి నాన్నా, ఇంకోచోట కూడా తుడిచి చూస్తాను, అన్నాను.