పద్నాలుగు డిగ్రీల దగ్గర నాలుగో పెట్టె

జనవరి 5, ఉదయం 9.40
లెక్క మొదలైంది. ఆరు చెక్క పెట్టెలు, ఆరింటిలోనూ కుట్టని తేనెటీగలు. ఒక్కోటి బియ్యపు గింజంత. ఐదు పెట్టెలు తోటలో ఉన్నాయి. నాలుగోది చోటు చాలక వెనక గోడకి తగిలించాం. ఎంత వేడి ఉంటే ఇవి మేతకి బయల్దేరతాయన్నదే నా థీసిస్. ఉదయం ఆరున్నర నుంచి ఒక్కో పెట్టె ముందు ఐదు నిమిషాలు కూర్చుని, బయటికొచ్చిన వాటిని లెక్కపెట్టాలి. పెట్టెకి రెండు మీటర్ల లోపు ఎవరూ వెళ్లకూడదు. ఆ రూలు నేనే పెట్టాను. నలభై ఒకటో ఏట పీహెచ్‌డీ చేసేవాళ్లకి రూల్స్ ఎక్కువ.

ఉద్యోగం మానేసి ఈగలు తోలుకుంటున్నానని అక్క అందరికీ చెబుతోంది. తోలడం లేదు, లెక్కపెడుతున్నానని చెప్పాను.

జనవరి 7
పద్దెనిమిది డిగ్రీలు దాటితే గానీ తోటలోని ఐదు పెట్టెల్లో ఒక్క ఈగా గడప దాటదు. నాలుగో పెట్టెలో మాత్రం పద్నాలుగుకే ముప్పై ఎనిమిది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. వస్తూనే ఉన్నాయి.

జనవరి 9
జ్వరం. లేవలేదు.

జనవరి 10
ఇక్కడైనా నిజం రాయాలి. నిన్నటి గడులు ఖాళీగా ఉంటే చూడలేకపోయాను. మొన్నటి అంకెల్ని కాస్త అటూ ఇటూ మార్చి, మంచం మీదే నింపేశాను. నాలుగో పెట్టెకి ముప్పై ఆరు వేశాను. ఒక్కరోజేగా. జ్వరం తగ్గిపోయింది, ఈరోజు తోటకి వెళ్లే లెక్కపెట్టాను.

జనవరి 19, మధ్యాహ్నం
మా గైడ్ మేడమ్ పట్టిక చూసి నాలుగో పెట్టె అంకెల కింద గీత గీశారు. పద్నాలుగు డిగ్రీల్లో ఈ ఈగలు రెక్క కదపవన్నారు. థర్మామీటర్ సరిగ్గానే ఉందట, ఆవిడే చెక్ చేశారట. కిందటేడు ఇంట్లో కూర్చుని అంకెలు రాసిన ఒక స్టూడెంట్‌ని పంపించేసిన సంగతి గుర్తుచేశారు. 26న కమిటీ. అప్పటికి వివరణ ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు చేయమని ఆవిడే రాస్తారట.

చూసిందే రాశానని చెప్పబోయాను. పద్నాలుగు రోజుల్లో పదమూడు రోజులకే ఆ మాట వర్తిస్తుంది.

జనవరి 20
నేను అన్నం కెలుకుతూ కూర్చుంటే, ఈగలు కుట్టాయా అని అక్క అడిగింది. ఇవి కుట్టవని ఎన్నిసార్లు చెప్పాలి.

జనవరి 21
చెప్పేశాను. కూర్చోమనకముందే, తలుపు దగ్గర నిలబడే. తొమ్మిదో తేదీన తోటకి రాలేదని, ఆ రోజు అంకెలు కల్పించానని, మిగతా పదమూడు రోజులూ కళ్లతో చూసి రాశానని. మేడమ్ పెన్ను మూత పెట్టారు.

"ఇది విన్నాక మిగతావి ఎందుకు నమ్మాలి?"

"నమ్మకండి మేడమ్. రేపు ఆరున్నరకి వచ్చి చూడండి."

అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. రేపు ఈగలు రాకపోతే నా పని అయిపోయినట్టే.

జనవరి 22, ఉదయం 8.00
వచ్చారు, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని. థర్మామీటర్ పద్నాలుగు. తోటలో ఐదు పెట్టెల దగ్గరా అలికిడి లేదు. నాలుగో పెట్టె ముందు స్టూలు వేశాను. గుమ్మంగా ఈగలు కట్టుకున్న మైనపు గొట్టంలోంచి ఒకటి తల బయటపెట్టింది. ఎగిరింది. వెనకే ఇంకోటి. ఆ తర్వాత బారులు తీరాయి. గోడ వెంట పాకిన పూలతీగ దాకా వెళ్లి వస్తున్నాయి. మేడమ్ పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. నలభై ఒకటి.

తర్వాత ఆవిడ లేచి, నా రెండు మీటర్ల రూలుని లెక్కచేయకుండా, వెళ్లి గోడ మీద అరచెయ్యి పెట్టారు. నన్నూ పెట్టమన్నారు. గోడ అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా ఉంది. అవతల లాండ్రీ. బాయిలర్ ఐదింటికే వెలిగిస్తారట. మా థర్మామీటర్ ఎక్కడో చెట్టు నీడలో గాలిని కొలుస్తోంది. ఈ పెట్టెకి గోడే ఎండ. దాన్ని ఇన్నాళ్లూ ముట్టుకోనివ్వనిది నా రూలే. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అదే రోజు, సాయంత్రం
లాండ్రీ ఆయన్ని కలిశాం. బాయిలర్ రోజూ వెలిగిస్తారా అని మేడమ్ అడిగారు. నెలకో రోజు, తొమ్మిదో తారీఖున, చల్లార్చి కడుగుతారట.

మేడమ్ నా వైపు చూశారు. నేను నేల చూశాను. నేను ముప్పై ఆరు వేసిన రోజున అక్కడ ఒక్క ఈగా బయటికొచ్చి ఉండదు. నిన్న చెప్పకుండా ఈరోజు ఇక్కడ నిలబడి ఉంటే? చెప్పేశాను కదా. అమ్మయ్య, చెప్పేశాను.

ఆవిడ పట్టికలో ఆ తొమ్మిదో తేదీ వరసని ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు. ఇక ప్రతి పెట్టెకీ ఒక థర్మామీటర్ తగిలించమన్నారు.

జనవరి 26
కమిటీ పావుగంటలో అయిపోయింది. కొట్టేసిన వరస గురించి నేనే ముందు చెప్పాను. మందలించారు, కొనసాగమన్నారు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలోనే నిద్రపోయాను.

ఫిబ్రవరి 9, ఉదయం 6.35
పద్నాలుగు డిగ్రీలు. గోడ చల్లగా ఉంది.
నాలుగో పెట్టె: సున్నా. ఐదు నిమిషాలూ కూర్చునే రాశాను.