పోపుల డబ్బాలో మాత్రలు

మంగళవారం, రాత్రి

బోదకాలు నివారణ సంస్థవారు మన దేశంలో పని మొదలుపెట్టి పాతికేళ్ళయిందని ఈవేళ అమలాపురంలో సభ చేసేరు. ఏటా మా వీధిలో ఇంటింటికీ వెళ్ళి మాత్రలు మింగించినందుకు నాకూ శాలువా కప్పేరు. 

సాయంత్రం ఆ శాలువా చూపిద్దామని పక్కింటి పిన్నిగారి దగ్గరకి వెళ్ళేను. ఆవిడ నవ్వుతూ పోపుల డబ్బా తెచ్చేరు. మెంతుల గిన్నెలో మూడేళ్ళ మాత్రలు.

“ఎప్పుడూ శ్రావణ శుక్రవారమే వచ్చేదానివి. ఉపవాసం, భోజనమయ్యేక వేసుకుంటానంటే, ఆయ్ అని, మింగిన గుర్తుగా పెట్టే సిరాచుక్క వేలికి పెట్టేసేదానివి కదమ్మా.”

నిజమే. పరగడుపున వెయ్యకూడదు. వ్రతంలో ఉన్న మనిషి మాట తప్పుతుందని అనుకోలేదు. మా ఎదురుగానే మింగించమన్నారు సంస్థవారు, నేనేమో ఆవిడ మింగినట్టు పుస్తకంలో రాసేసుకున్నాను. ఇలా ఇంకెన్ని ఇళ్ళో.

“ఈమధ్య ఎడమకాలికి చెప్పు పట్టడం లేదే,” అన్నారు పిన్నిగారు, అదీ నవ్వుతూనే.

వయసుకొచ్చిన వాపో, బోదకాలో నాకు తెలీదు. రేపు ఆస్పత్రికి తీసుకెళ్తాను. మాత్రలు మింగేరా అని డాక్టరుగారు అడిగితే నా పుస్తకం చూపించాలా, ఆ డబ్బా చూపించాలా?

శాలువా దేవుడి దగ్గర పెట్టబోయి వెనక్కి తెచ్చేను. కుర్చీ మీద ఉంది.